ప్యాచ్ యాంటెన్నా బోర్డులు చేయించేవాళ్ళు జాగ్రత్త, "టాలరెన్స్‌లోనే ఉంది సార్" అని చేతులు దులిపేసుకుంటున్నారు

24 గిగాహెర్ట్జ్ రాడార్ సెన్సర్లకి ప్యాచ్ యాంటెన్నాలు (బోర్డు మీద చదునైన రాగి ముక్కే యాంటెన్నాగా పనిచేసేవి) చేయించుకునేవాళ్ళు ఉంటే ఇది చదివాకే పీవో (పర్చేజ్ ఆర్డర్) ఇవ్వండి. మాకు గట్టి దెబ్బే తగిలింది. హైదరాబాద్‌లోనే ఒక ఫ్యాబ్‌కి (బోర్డులు తయారుచేసే కంపెనీకి) ఇచ్చాం, పేరు రాయట్లేదు, కానీ చిన్న బ్యాచ్‌లు ఇచ్చే ఎవరికైనా ఇదే జరగొచ్చు కాబట్టి వివరంగా చెప్తున్నా.

మెటీరియల్ రోజర్స్ 4350బి (హై ఫ్రీక్వెన్సీ బోర్డులకి వాడే లామినేట్ షీటు), 10 మిల్ (0.254 మి.మీ.) మందం, హాఫ్ ఔన్స్ (సుమారు 18 మైక్రాన్ల) రాగి, ప్యాచ్ పొడవు 3.20 మి.మీ. ఇది మామూలు కంట్రోలర్ బోర్డు కాదు కదా, పొడవు 25 మైక్రాన్లు తగ్గితే చాలు యాంటెన్నా పనిచేసే ఫ్రీక్వెన్సీ 170 మెగాహెర్ట్జ్‌కి పైగా పెరిగిపోతుంది, మనం వాడుకునే బ్యాండేమో 24.0 నుంచి 24.25 గిగాహెర్ట్జ్ దాకానే, మొత్తం కలిపి 250 మెగాహెర్ట్జ్. అందుకే డ్రాయింగ్‌లో ప్యాచ్ అంచులకి టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ప్లస్ ఆర్ మైనస్ 20 మైక్రాన్లు అని స్పష్టంగా రాసిచ్చాం. సేల్స్ ఆయన ఫోన్‌లో "అదేం ప్రాబ్లెం కాదు సార్, మనకి రోజూ పనే" అన్నాడు.

బోర్డులు చూడ్డానికి మెరిసిపోతున్నాయి. విఎన్ఏకి (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో కొలిచే మెషీన్) పెడితే డిప్, అంటే యాంటెన్నా పనిచేసే చోటు, 24.7 గిగాహెర్ట్జ్ దగ్గర! కనెక్టర్ మార్చాం, కాలిబ్రేషన్ మళ్ళీ చేశాం, అక్కడే ఉంది. మైక్రోస్కోప్ కింద పెడితే అప్పుడు బయటపడింది, ప్యాచ్ కింది అంచుల మధ్య 3.12 మి.మీ., పై అంచుల మధ్య ఇంకా తక్కువ, పక్కలు ఏటవాలుగా కోసుకుపోయి ఉన్నాయి. ఒక బోర్డు కోసి మైక్రోసెక్షన్ (అడ్డకోత పరీక్ష) చేయిస్తే రాగి మందం 45 మైక్రాన్లు దాటింది, మేం అడిగిన బేస్ రాగి 18. జరిగిందేంటంటే వయాల (బోర్డు పొరల్ని కలిపే రంధ్రాలు) కోసం ప్లేటింగ్ చేస్తూ ప్యానెల్ మొత్తానికీ రాగి ఎక్కించేశారు, అంత మందం కింద దాకా కరగాలంటే ఎచ్చింగ్ (అక్కర్లేని రాగిని కరిగించడం) కెమికల్ పక్కల నుంచి కూడా తినేస్తుంది, అది తినేదానికి సరిపడా ప్యాచ్ ఆకారం ముద్రించే ఫిల్మ్‌లో కొలత ముందే పెంచుకోవాలి, వీళ్ళు పెంచలేదు.

అడిగితే కొటేషన్ చివర చిన్న అక్షరాలు చూపించారు, కండక్టర్ వెడల్పు ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం అని. ఆ లెక్కన 2.56 మి.మీ. ప్యాచ్ ఇచ్చినా పాస్ అన్నట్టే! వాళ్ళిచ్చిన టెస్ట్ రిపోర్ట్‌లో ఉన్నది ఓపెన్, షార్ట్ చెకింగ్ మాత్రమే, ఒక్క కొలత కూడా లేదు. డబ్బు వాపస్ లేదు, మళ్ళీ చేసివ్వడం లేదు, ఖరీదైన లామినేట్ అంతా పోయింది.

కాబట్టి డ్రాయింగ్‌లో రాశాం కదా అని ఊరుకోకండి, పీవోలోనే "డ్రాయింగ్ టాలరెన్సే ఫైనల్, కొటేషన్‌లోని జనరల్ షరతులు వర్తించవు" అని పెట్టి, ఒప్పుకున్నట్టు మెయిల్ తీసుకోండి. ప్లేటింగ్ అయ్యాక రాగి మందం ఎంతకి మించకూడదో అంకె రాయండి, వీలైతే వయాల దగ్గర మాత్రమే ప్లేటింగ్ చేసి ప్యాచ్ మీద బేస్ రాగి అలాగే వదలమనండి. "ఈక్వివలెంట్ మెటీరియల్" అంటే అస్సలు ఒప్పుకోవద్దు, ఆ మెటీరియల్ లాట్ సర్టిఫికెట్ అడగండి, ఎందుకంటే అసలైన 4350బికే డీకే (విద్యుత్ స్వభావం తెలిపే డైఎలెక్ట్రిక్ స్థిరాంకం) 3.48కి అటూ ఇటూ 0.05 ఉంటుంది, అదొక్కటే ఈ ఫ్రీక్వెన్సీలో ఇంకో 170 మెగాహెర్ట్జ్ దాకా తినేస్తుంది, ఇక ఎచ్చింగ్ తప్పులకి చోటెక్కడుంది? ఫినిష్ కూడా చెప్పకపోతే ఎనిగ్ (రాగి మీద నికెల్, దానిపై బంగారం పూత) కొట్టేస్తారు, 24 గిగాహెర్ట్జ్‌లో కరెంట్ పారేదే అర మైక్రాన్ లోపు పొరలో, అంచుల్లో అది నికెల్‌లో పారితే లాస్ పెరుగుతుంది, ఇమ్మర్షన్ సిల్వర్ (పలచటి వెండి పూత) అడగండి. ప్యాచ్ మీద సోల్డర్ మాస్క్ (బోర్డు మీద వేసే రక్షణ పూత) వద్దని కూడా రాయండి.

ఇప్పుడు వేరే వాళ్ళకి ఇచ్చాం. వాళ్ళు "20 మైక్రాన్లు మా వల్ల కాదు, 25 అయితే రాసిస్తాం" అని ముందే చెప్పారు, ఆ మాట విన్నాకే నమ్మకం కుదిరింది. ఈసారి ప్యానెల్ అంచున 3.15, 3.20, 3.25 మి.మీ. పొడవుల్లో టెస్ట్ ప్యాచ్‌లు కూడా పెట్టించాం, అవి కొలిచి చూశాకే మిగతా డబ్బు ఇస్తామని పీవోలోనే ఉంది.