4294967297 ముందు నిలబడ్డ క్యాలిక్యులేటర్

కొత్త సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చేతికొస్తే చాలామంది సైన్ 30 నొక్కి చూస్తారు. నేను 4294967297 కొడతాను. ఇది 2³²కు ఒకటి కలిపితే వచ్చేది. 2¹, 2², 2⁴, 2⁸, 2¹⁶లకు ఒకటి చొప్పున కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65537 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో తర్వాతిది కాబట్టి ఇదీ ప్రధాన సంఖ్యే అయి ఉంటుందని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించి ఆ నమ్మకానికి నీళ్లొదిలాడు. పదంకెల తెరలో సరిగ్గా ఇమిడే సంఖ్య, లోపల ఒక చిన్న కారణాంకం, ఒక పెద్దది. యంత్రం సత్తా చూడటానికి ఇంతకంటే ఏం కావాలి?

డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి కారణాంకాల మీట ఉందని చూసే 1,400 రూపాయలు పెట్టి ఈ క్యాలిక్యులేటర్‌ను కొన్నాను. ఆ మీట పేరును మాత్రం డిగ్రీలు, నిమిషాల మీట పైన పసుపు రంగులో, కళ్లజోడు సర్దుకుంటే తప్ప కనపడనంత చిన్నగా అచ్చు వేశారు. సంఖ్య కొట్టి ముందు సమానం గుర్తు నొక్కాలి, తర్వాత షిఫ్ట్, ఆ తర్వాత ఆ మీట.

జవాబు వెంటనే వచ్చింది: 641×(6700417).

నాకు నచ్చనివి ఆ బ్రాకెట్లే. 6700417 నిక్షేపంలాంటి ప్రధాన సంఖ్య. కానీ ఈ బ్రాకెట్లకు అర్థం అది కాదు, ‘ఇంతకు మించి విడగొట్టడం నా వల్ల కాదు’ అని. మూడంకెల ప్రధాన సంఖ్యలు దాటగానే యంత్రం చేతులెత్తేస్తుంది. 1018081 కొట్టి చూడండి, దానికీ అవే బ్రాకెట్లు. అదేమో 1009కి వర్గం! వర్గమూలం మీట నొక్కితే 1009 అని ఈ యంత్రమే చెబుతుంది. మరి ఆ మీటకు తెలిసింది ఈ మీటకు తెలియదా?

శేషం చూపే మీట మాత్రం బంగారం. 2³²+1కు ఉండే ఏ ప్రధాన కారణాంకమైనా 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలని 19వ శతాబ్దంలో గణితవేత్త ల్యూకా నిరూపించాడు. 6700417ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 2³²+1నూ భాగిస్తుంది కాబట్టి దానికీ ఇదే రూపం ఉండాలి. 6700417 విడిపోయేదే అయితే దాని వర్గమూలం దాటకుండా ఒక ప్రధాన కారణాంకమైనా ఉండి తీరాలి, ఆ వర్గమూలం 2589 లోపే. ఆ హద్దులో అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. వరసగా భాగిస్తే శేషాలు 170, 44, 120, 334, 622. ఎక్కడా సున్నా లేదు, ప్రధానమేనని తేలిపోయింది. ఇది తరగతిలో పిల్లల చేతే చేయించాను. గోల గోలగా చేశారు.

ఆ వరసలో దీని తర్వాతిదైన 2⁶⁴+1 జోలికి మాత్రం వెళ్లకండి. తెర మీద 1.844674407×10¹⁹ అని కనిపిస్తుంది, అందులోంచి 2⁶⁴ తీసేస్తే సున్నా అంటుంది. కలిపిన ఒకటి ఎటు పోయిందో దానికే తెలియాలి. ఆ ఇరవై అంకెల సంఖ్యను 1880లోనే లాండ్రీ అనే గణితవేత్త 274177×67280421310721గా విడగొట్టాడు, ఏ మీటా లేకుండా.

జేఈఈ, ఈఏపీసెట్ పిల్లలకు కొనకండి, పరీక్ష హాల్లోకి రానివ్వరు. ఇంజినీరింగ్ వాళ్లు, సంఖ్యా సిద్ధాంతం చదివేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మీటలు మెత్తగా పడతాయి, మూత గట్టిది. ఐదుకు నాలుగు చుక్కలు. తగ్గించిన ఒకటి ఆ బ్రాకెట్ల ఖాతాలోకే.