మోకాలి మార్పిడి తరువాత నీటిలో నడక: ఒక హైడ్రోథెరపీ కేంద్రం తీరు

మా అమ్మగారికి మోకాలి మార్పిడి జరిగి, కుట్ల గాయం పూర్తిగా మానిన తరువాత, ఆపరేషన్ చేసిన వైద్యుల అనుమతితో హైదరాబాదులోని ఒక ప్రైవేటు కేంద్రంలో హైడ్రోథెరపీ, అంటే నీటిలో చేయించే వ్యాయామ చికిత్స, చేయించాము. ఇటువంటి సేవ కోసం వెతుకుతున్న కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఈ వివరాలు రాస్తున్నాను.

ఇక్కడ పని చేసేది నీటిలోని మందుగుణం కాదు, దాని ఉత్ప్లవన బలం, అంటే ఒంటిని పైకి నెట్టే శక్తి. నడుము లోతు నీటిలో నిలబడితే కాళ్లమీద పడే బరువు సుమారు సగానికి, ఛాతీ లోతులో మూడో వంతుకు, మెడ లోతులో పదో వంతుకు తగ్గుతుంది. అందుకే నేలమీద వాకర్ వదలడానికి జంకే మనిషి కూడా నీటిలో ఆసరా లేకుండా అడుగులు వేయగలుగుతారు. నీటి పీడనం వాపు తగ్గడానికి తోడ్పడుతుంది. కాలిని ఎంత వేగంగా కదిపితే నీరు అంత గట్టిగా అడ్డుకుంటుంది గనుక, బరువులు కట్టకుండానే తొడ కండరానికి వ్యాయామం దొరుకుతుంది.

ఈ కేంద్రంలో నాకు అన్నిటికన్నా నచ్చినది, ఫిజియోథెరపిస్టు గట్టుమీద నిలబడి చెప్పకుండా తానూ నీటిలోకి దిగి పక్కనే ఉండటం. ఛాతీ లోతులో మొదలుపెట్టి, అమ్మకు ధైర్యం వచ్చినకొద్దీ నడుము లోతుకు తీసుకువచ్చి, కాళ్లమీద బరువును క్రమంగా పెంచారు. మడమ ముందుగా ఆనించి నడవడం, పక్కకు అడుగులు వేయడం, కడ్డీ పట్టుకుని మోకాలు వంచడం ఓపికగా నేర్పారు. మొదటిసారి దిగే ముందే రక్తపోటు చూసి, గుండె జబ్బు, మూర్ఛ, మానని పుండ్లు ఉన్నాయేమోనని విచారించారు. ఈ ప్రశ్నలు అడగకుండా నీటిలోకి దింపే చోటికి వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం.

నీటిని 33 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. ఆ లెక్క, క్లోరిన్ మోతాదు రోజూ రాసే పలక గట్టు దగ్గరే కనబడుతుంది. మామూలు ఈతకొలనులో నీరు ఇంతకన్నా చల్లగా ఉంటుంది, చలికి కండరాలు బిగుసుకుంటాయి. స్త్రీలకు వేరే వేళలు కేటాయించడం, నిండు దుస్తులతో దిగనివ్వడం వల్ల అమ్మ సంకోచం చాలావరకు తగ్గింది.

లోపాలు చిన్నవి కావు. దుస్తులు మార్చుకునే గది నుంచి కొలను వరకు నున్నని టైల్సు పరిచారు. కీలు మార్చుకున్నవారు తడి కాళ్లతో ఆ దారినే నడవాలి. కొలనులోకి దిగడానికి మెట్లు తప్ప వాలుదారి గాని, లిఫ్టు కుర్చీ గాని లేవు. సాయంత్రాలలో ఒక్క ఫిజియోథెరపిస్టే నలుగురిని చూసుకోవలసి వస్తున్నది. అన్ని కీళ్ల నొప్పులూ మాయమవుతాయని గోడమీద రాసిన మాటలను తీసివేయడం మంచిది.

రుసుము మామూలు ఫిజియోథెరపీకి దాదాపు రెట్టింపు. మెట్లు ఎక్కడం, కుర్చీలోంచి లేవడం వంటివి చివరికి నేలమీదనే సాధన చేయాలి కాబట్టి, ఇంటి వ్యాయామాల పట్టికను మొదటి వారంలోనే అడిగి తీసుకోండి. వీలైతే రద్దీ లేని ఉదయం వేళనే ఎంచుకోండి.