నోరు మూయించే ఒప్పందాలు: హామీ చాలా, చట్టం కావాలా?

వేధింపులపై ఫిర్యాదు చేసిన విద్యార్థిని ముందుకు ఒక కాగితం వస్తుంది: పరిహారం తీసుకో, ఎక్కడా నోరు విప్పకు. దీన్ని ఆపడానికి బ్రిటన్‌లో రెండు దారులు తొక్కారు.

2022 జనవరిలో వచ్చింది, ఇలాంటి ఒప్పందాలు వాడబోమని విశ్వవిద్యాలయాలు ఇచ్చే స్వచ్ఛంద హామీ. దాని వెనుక ఉన్న ప్రచారంలో ముందు నిలిచినది జెల్డా పెర్కిన్స్. లైంగిక నేరాలకు శిక్షపడిన హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ దగ్గర పనిచేసి, తాను సంతకం చేసిన ఒప్పందాన్నే ధిక్కరించిన మనిషి. పార్లమెంటు కోసం ఎదురుచూడకుండా పని మొదలైంది, అది మేలే. కానీ సంతకం చేయని విశ్వవిద్యాలయాన్ని అడిగే నాథుడు లేడు.

రెండోది 2023 నాటి ఉన్నత విద్యలో వాక్ స్వేచ్ఛ చట్టం. 2025 ఆగస్టు 1 నుంచి లైంగిక దుష్ప్రవర్తన, వేధింపుల ఫిర్యాదులపై ఇలాంటి ఒప్పందాలు కుదరవు. ఆలస్యమైనా నా ఓటు దీనికే: పరువు కోసం తలుపు మూసేవారికే తాళంచెవి అప్పగిస్తే ఎలా? అయితే ఈ చట్టం ఇంగ్లాండ్‌కే పరిమితం. స్కాట్లాండ్, వేల్స్‌లలో హామీకి ఇంకా పని ఉంది.