జింక దవడల పలక: రెండు వేట కాలాలు వాడి చూశాక

టెక్సస్‌లో తెల్లతోక జింకల వేట కాలం మొదలయ్యే ముందు, పట్టిన జింక వయసును పళ్ళను బట్టి నేనే తేల్చుకోవాలన్న కోరికతో ఈ నమూనాల పలకను 120 డాలర్లు పెట్టి తెప్పించుకున్నాను. చెక్క పలక మీద బిగించిన ఎనిమిది కింది దవడల ప్లాస్టిక్ అచ్చులు, నాలుగు పుటల కరపత్రం ఒకటి, సరుకు ఇంతే. అచ్చులు ఆరు నెలల పిల్లతో మొదలై, ఒకటిన్నర, రెండున్నర అంటూ ఏడున్నరేళ్ళ దాకా వరుసగా ఉన్నాయి. ఆ 'అర' ఎందుకంటే, పిల్లలు ఎక్కువగా వేసవిలో పుడతాయి, వేట చలికాలపు వాకిట్లో సాగుతుంది.

ఒకటిన్నరేళ్ళ అచ్చు ఒక్కటే పెట్టిన డబ్బులో సగం విలువ చేస్తుంది. ఆ వయసు జింకకు ముందు నుంచి మూడవ దవడ పన్ను ఇంకా పాలపన్నే. దానికి మూడు భాగాలుంటాయి. సుమారు పంతొమ్మిది నెలలకు అది ఊడి, రెండే భాగాలున్న శాశ్వత పన్ను వస్తుంది. ఈ తేడాను అచ్చులో ఎంత స్పష్టంగా చూపారంటే, ఒకసారి వేలితో తడిమి చూసినవారు మళ్ళీ పొరబడరు. ఎడ్ల వయసును ముందు పళ్ళను బట్టి కట్టే ఒంగోలు బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం అని పిలవగా విని పెరిగిన నాకు మొదట చేయి ముందు పళ్ళ మీదికే పోయింది. అయితే జింకకు ముందు పళ్ళు ఏడాది నిండేసరికే మారిపోతాయి కనుక, ఆ తరువాత వాటి వరుసను చూసి తెలిసేదేమీ లేదు.

చిక్కంతా రెండున్నరేళ్ళ అచ్చు దాటాక మొదలవుతుంది. అక్కడి నుంచి వయసును అరుగుదలను బట్టి చెప్పాలి: వెనుక దవడ పళ్ళలో నాలుకవైపు అంచున, తెల్లని పింగాణీ పొర కంటే, దాని లోపలుండే డెంటిన్ అనే పదార్థపు గోధుమరంగు గీత వెడల్పయిందా లేదా అన్నదే గురుతు. సరిగ్గా ఆ గీతనే తయారీదారు మందపు కుంచెతో అన్ని అచ్చులకూ ఒకే తీరుగా పూశాడు. నాలుగున్నర, ఐదున్నర అచ్చులను పలక నుంచి తీసి పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకు నేటికీ తెలియదు.

అంతకంటే పెద్ద లోపం కరపత్రం చూపే ధీమా. ఈ పద్ధతికి మూలం 1949లో న్యూయార్క్ జింకలపై సెవెరింగ్‌హౌస్ అనే జీవశాస్త్రజ్ఞుడు ప్రచురించిన పరిశోధన. కానీ అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు: ఇసుక నేలలో మేసే జింక పళ్ళు త్వరగా అరుగుతాయి, మెత్తని మేత దొరికిన జింకవి నిలుస్తాయి. అసలు వయసు తెలిసిన దవడలను జీవశాస్త్రజ్ఞుల చేత చదివించి చూసిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది; పిల్ల, ఏడాది దాటినది, పెద్దది అన్న మూడు తరగతులను మించి ఈ పద్ధతిని నమ్మరాదని అందులో తేల్చారు. కరపత్రంలో దీని ఊసే లేదు. ముందు పన్ను వేరును పలుచగా కోసి, వేరు మీద ఏటేటా ఏర్పడే సిమెంటం అనే గట్టి పదార్థపు పొరలను లెక్కించే ప్రయోగశాలలున్న సంగతీ లేదు. పలక ప్రకారం ఐదున్నర అనుకున్న ఒక పోతు పన్నును అలా పంపితే మూడున్నర అని జవాబు వచ్చింది. చలి తక్కువగా ఉండే దక్షిణ టెక్సస్‌లో ఆ పొరలూ మసకగానే ఉంటాయి కనుక, దాన్నీ తుది మాటగా తీసుకోలేదు.

ఇంతా చేసి, పళ్ళు కనబడేది జింక పడిపోయాకనే. తుపాకీ ఎత్తాలా వద్దా అన్నది అంతకుముందే తేలాలి. అందుకు పనికివచ్చే సమాచారం కరపత్రం చివరి అరపుటలో ఇరికించి ఉంది, అది మాత్రం బాగుంది. ఒకటిన్నరేళ్ళ పోతు సన్నని మెడతో, పొడవుగా కనబడే కాళ్ళతో, ఆడజింకకు కొమ్ములు పెట్టినట్టుంటుంది. మూడున్నరకు జోడు కాలంలో మెడ ఉబ్బుతుంది, నడుము మాత్రం బిగువుగానే ఉంటుంది. ఐదున్నర దాటితే మెడ ఛాతీలో కలిసిపోయి, పొట్ట జారి, కాళ్ళు పొట్టివైనట్టు కనబడతాయి. కొమ్ముల పరిమాణం మేతను బట్టి, వంశాన్ని బట్టి మారుతుంది కనుక దానితో వయసు కట్టవద్దన్న హెచ్చరికా సరైనదే. కానీ ఇక్కడ చాలా కౌంటీలలో (జిల్లాల్లాంటివి) లేత పోతులను కాపాడేందుకు, రెండు కొమ్ములూ చీలి ఉన్న పోతును కాల్చాలంటే వాటి లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలుండాలన్న నియమం ఉంది. నిక్కబొడిచిన చెవుల కొనల మధ్య దూరం దాదాపు అంతే ఉంటుందన్న చిన్న ఉపాయాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఉండవలసింది.

ఐదు చుక్కలకు నేనిచ్చేది రెండున్నర. మొదటి మూడు అచ్చులనే విడిగా 40 డాలర్లకు అమ్మితే, కొత్తవారిని సందేహం లేకుండా కొనమంటాను.