మొండికేసిన మా గుర్రానికి బండి ఎక్కడం నేర్పిన శిక్షకుడు: 12 రోజుల అనుభవం

హన్మకొండ శివారులో మాకు చాందిని అనే 7 ఏళ్ల తెల్ల ఆడ గుర్రం ఉంది. పెళ్లి ఊరేగింపుల్లో డప్పుల మధ్య, టపాసుల పక్కన బెదరకుండా నడిచే ఈ గుర్రం, డీసీఎం (చిన్న లారీ) వెనుక డాలా (కిందికి దించే తలుపు పలక) దించిన చప్పుడు వినగానే నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడిపోయేది. మొన్న మాఘమాసంలో జనగామ పెళ్లికి మాట్లాడుకున్న బండివాళ్లు ముందు నుంచి తాడు లాగుతూ, వెనుక నుంచి ఇద్దరు నెడుతూ ఎక్కించబోతే, అది ముందుకాళ్లు పైకెత్తి పక్కకు పడింది. దాని మోకాలి చర్మం గీరుకుపోయింది. తాడును చేతికి చుట్టుకున్న మా తమ్ముడికి అరచేతి తోలు లేచిపోయింది. ఆ తర్వాతే కాజీపేట వైపు నుంచి ఇంటికే వచ్చి నేర్పే ఒక శిక్షకుడిని, రోజుకు 900 రూపాయల చొప్పున, 12 రోజులకు కుదుర్చుకున్నాం.

మొదటి రోజు ఆయన గుర్రాన్ని బండి దరిదాపులకు కూడా తీసుకుపోలేదు. పెరట్లోనే ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి నడిపించారు. తాడును కొద్దిగా బిగించి ఆగేవారు, గుర్రం ఒక్క డెక్క కదిపిన మరుక్షణం వదులు చేసేవారు. అది నేర్చుకునేది తాడు వదులైన ఆ క్షణంలోనేనని, ఆలస్యంగా వదిలితే ఏం చేసినందుకు ఊరట దొరికిందో దానికి అర్థం కాదని మాకు విడమరచి చెప్పారు. "ముందుగాల దిగుడు నేర్వాలె అన్నా, ఎక్కుడు దానంతటదే అస్తది" అన్న ఆయన మాట ఆనాడు మాకు వింతగా తోచింది.

రెండో రోజు ఒక చెక్క పలకను నేల మీద పరిచి దాని మీద నడిపించారు, ఎందుకంటే డెక్క కింద డొల్లగా మోగే చప్పుడే సగం భయమట. వెలుతురులోంచి చీకటిలోకి చూడటానికి గుర్రం కళ్లు మనకన్నా ఎక్కువ సమయం తీసుకుంటాయి కాబట్టి, పొద్దుటి ఎండ లోపల పడేలా బండి వెనుక భాగాన్ని తూర్పుకు తిప్పి, చదునైన చోట నిలబెట్టించారు. లోపల రబ్బరు చాప వేసి, దాని మీద గడ్డి పరిపించారు.

అయిదో రోజు ఉదయం నేను పక్కనే నిలబడి చూశాను. చాందిని మెడ చాచి వాలు పలకను వాసన చూసింది, ముక్కుతో బుస్సుమంది, కుడి ముందుకాలు పెట్టింది. ఆయన వెంటనే తాడు వదిలి, అది అడగకముందే వెనక్కి దింపారు. అలా ఇరవై సార్లకు పైగా ఎక్కించి దింపిన తర్వాత చెవులు మెత్తబడ్డాయి, నాలుకతో పెదవులు నాకుకుంది. అప్పుడు పిడికెడు ఉలవలు పెట్టి ఆనాటికి పని ముగించారు. తొమ్మిదో రోజుకు అది తనంతట తానే లోపలికి నడిచింది.

ఆయన మాకు నేర్పిన జాగ్రత్తలను గుర్రాలున్న ప్రతి ఇంటివారూ పాటించాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. తాడును ఎన్నడూ చేతికి చుట్టుకోరాదు. గుర్రానికి సూటిగా ముందు గానీ, వెనుక గానీ నిలబడకుండా భుజం పక్కన ఉండాలి. వెనుక అడ్డకర్ర బిగించిన తర్వాతే తల కట్టాలి, దించేటప్పుడు ముందు తల విప్పిన తర్వాతే అడ్డకర్ర తీయాలి, ఎందుకంటే కట్టి ఉన్న గుర్రం వెనక్కి జరిగి తాడు బిగుసుకుంటే బెదిరిపోయి పెనుగులాడుతుంది. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం గుర్రాలున్న బండి గంటకు 35 కిలోమీటర్లు దాటరాదని, వెంట ఒక మనిషి ఉండాలని కూడా ఆయనే మా డ్రైవరుకు చెప్పారు.

లోపాలు లేకపోలేదు. ఉదయం 6 గంటలకు వస్తానని చెప్పి మూడు రోజులు 8 దాటాక వచ్చారు. ఎండ ముదిరితే గుర్రానికి చిరాకు పెరుగుతుంది, ఆ మూడు రోజులూ పని సాగలేదు. అంతకన్నా పెద్ద లోటు, చీకట్లో ఎక్కించడం ఒప్పందంలో లేకపోవడం. మా తిరుగు ప్రయాణాలన్నీ అర్ధరాత్రే కదా. ఈ సంగతి చెబితే ఆయన నొచ్చుకోకుండా మరో రెండు సాయంత్రాలు సగం ధరకే వచ్చి, బండి లోపల దీపం పెట్టి నేర్పించారు. పోయిన వారం ఘన్‌పూర్ పెళ్లి నుంచి తిరిగి వస్తూ, రాత్రి ఒంటిగంటకు చాందినిని నేనొక్కడినే, తాడు వదులుగా పట్టుకొని, ఎక్కించాను.