బరంపురంలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ట్యూషన్: చేరొచ్చు, కానీ గీత గీసే బ్రెజెన్‌హామ్ పద్ధతి మీరే చదువుకోవాలి

మా కాలేజీ ల్యాబ్‌లో ఇప్పటికీ డాస్‌బాక్స్ (పాత డాస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) తెరిచి టర్బో సీ అనే పాత సీ కంపైలర్‌లోనే వృత్తం గీయిస్తారు, ప్రింటవుట్ రికార్డులో అతికిస్తే మార్కులు పడిపోతాయి, అంతే. అందుకే గిరి రోడ్డు దగ్గర ఓ మేడ మీద నడిచే ఈ వేసవి బ్యాచ్‌లో చేరాను. ఫీజు మూడున్నర వేలు.

మొదటి క్లాసే వెబ్‌జీఎల్, అంటే బ్రౌజర్‌లోనే గ్రాఫిక్స్ గీయించే పద్ధతి. ఇన్‌స్టాల్ గొడవ లేదు, నోట్‌ప్యాడ్, బ్రౌజర్ ఉంటే చాలు, ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఫోన్‌లోనే రన్ చేసుకున్నారు. మూడు మూలలకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇచ్చి త్రిభుజం గీయిస్తే లోపలంతా రంగులు కలిసిపోయి వచ్చాయి. "సార్, మధ్యలో రంగులు మనం రాయలేదు కదా" అని పర్లాకిమిడి కుర్రాడు అడిగాడు. మూలల్లో ఇచ్చిన విలువల్ని లోపలి పిక్సెళ్లకు పంచేది జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) అని, ఒక్కో పిక్సెల్ రంగు తేల్చేది ఆ చిప్ మీద నడిచే ఫ్రాగ్మెంట్ షేడర్ అనే చిన్న ప్రోగ్రామ్ అని సార్ తెలుగులో చెప్పి, మళ్లీ ఒడియాలో చెప్పారు. అందరికీ ఎక్కింది.

నాకు బాగా నచ్చింది బరంపురం పట్టుచీర కుంభం అంచు (వరుసగా త్రిభుజాలుండే అంచు) ఎక్సర్‌సైజ్. ఒక్క త్రిభుజం రాసి, లూప్‌లో జరుపుకుంటూ అంచు పొడవునా పరచాలి. తర్వాత ఒక్కోదాన్నీ ఉన్నచోటే తిప్పమన్నారు, ముందు జరిపి తర్వాత తిప్పినవాళ్లకు త్రిభుజాలన్నీ మూలబిందువు చుట్టూ చక్కర్లు కొట్టాయి! జరపడం, తిప్పడం రెండూ మాట్రిక్స్ గుణకారాలే కదా, ఆ గుణకారంలో వరుస ఎందుకు మార్చకూడదో సెమిస్టరంతా బోర్డు మీద చూసినా అర్థం కానిది అక్కడ తేలిపోయింది. పాత పుస్తకాల్లో ఉండే ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ గీయించే ప్రమాణం) కమాండ్లు జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్‌ల జోలికే పోలేదు, అదీ మంచిదే. 2008లో వచ్చిన ఓపెన్‌జీఎల్ 3.0 వాటికి కాలం చెల్లిందని చెప్పేసింది, మన సిలబస్‌కి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇక అసలు కంప్లయింట్. గీత గీసే బ్రెజెన్‌హామ్ పద్ధతిని సార్ పూర్తిగా ఎగ్గొట్టారు, అడిగితే "అది జీపీయూ చూసుకుంటుందిలే" అన్నారు. 1965లో ప్లాటర్ (పెన్నుతో కాగితం మీద గీసే యంత్రం) కోసం అచ్చయిన పద్ధతే, పాతదే, కాదనను. కానీ ఏ గడి నింపాలో, ఏది వదలాలో పూర్ణాంకాల కూడికలతోనే ఎలా తేలుస్తారో గ్రాఫ్ పేపర్ మీద ఓసారి చేస్తే, జీపీయూ చేసే పని కూడా మంత్రంలా అనిపించదు, పైగా మన పరీక్షలో అది రాకుండా ఉండదు. టర్బో సీని తీసేయండి, దాంతోపాటు దీన్నీ పారేయడం దేనికి?

కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకే, ప్రొజెక్టర్‌కి రాదు. సాయంత్రం బ్యాచ్ కిక్కిరిసి ఉంటుంది, వీలైతే ఉదయం బ్యాచ్‌లో చేరండి.