నాచెజ్‌లో టికెట్టు మేడలు, టికెట్టు లేని చోట్లు

న్యూ ఆర్లియన్స్ చూద్దామని వెళ్లి, ఆ రద్దీకి రెండో రోజే విసుగొచ్చి, 61వ నంబరు హైవే మీద ఉత్తరంగా మూడు గంటలు వెళ్తే నాచెజ్ వచ్చింది. మిసిసిపీ నది గట్టు మీద, పదిహేను వేల జనం కూడా లేని ఊరు. 1716లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ కోట కట్టారు. తర్వాత పత్తి ఊరిని డబ్బుతో ముంచెత్తింది. అమెరికా అంతర్యుద్ధంలో పెద్దగా దెబ్బ తినలేదు కాబట్టి ఆ పత్తి దొరల మేడలు ఇంకా నిలిచే ఉన్నాయి. వెళ్లింది నేను, మావారు, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్యగారు.

మొదటి రాత్రి సరదాపడి ఒక పాత మేడలోనే గది తీసుకున్నాం. ఫొటోల్లో పందిరిమంచం చూశానే గాని, మెట్లు చూడలేదు. గది పైఅంతస్తులో, లిఫ్టు లేదు. అత్తయ్యగారి మోకాళ్లకి ఆ రాత్రంతా జండూబామే. మర్నాడు వంతెన దాటి లూసియానా వైపున్న విడేలియాలో మామూలు మోటెల్‌కి మారాం. కింది గది, దాదాపు సగం ధర. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసేముందు మెట్ల సంగతి ఫోన్ చేసి అడగండి.

మేడల్లో ఒక్కదానికే డబ్బు పెట్టాలంటే లాంగ్‌వుడ్‌కి పెట్టండి. ఎనిమిది పలకల ఇల్లు, నెత్తిన ఉల్లిపాయ లాంటి గుమ్మటం. హాలర్ నట్ అనే పత్తి దొర 1860లో మొదలుపెట్టాడు. మరుసటేడు యుద్ధం రాగానే ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన పనివాళ్లు పనిముట్లు అక్కడే పడేసి వెళ్లిపోయారు. 32 గదుల్లో నేలమాళిగలోని తొమ్మిదే పూర్తయ్యాయి. 1864లో ఆయన పోయాక కుటుంబం వాటిలోనే సర్దుకుంది. పైకెక్కితే ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడలు, ఖాళీ కిటికీలు, అలాగే వదిలేసిన పెట్టెలు. మన ఊళ్లో డబ్బులైపోయి స్లాబు మీద ఊచలు వదిలేసిన ఇల్లు ఎలా ఉంటుందో అచ్చం అలాగే, కాకపోతే దీనికి టికెట్టు.

స్టాంటన్ హాల్ ఒక వీధి చదరమంతా ఆక్రమించిన తెల్ల మేడ. అద్దాలు, షాండ్లియర్లు బాగున్నాయి. లాంగ్‌వుడ్ చూశాక అది చూడకపోయినా నష్టం లేదు.

మెల్‌రోజ్ అనే మేడ నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల చేతిలో ఉంది. ఆవరణలో తిరగడానికి టికెట్టు లేదు, ఇంటి లోపలికి ఉంది. భోజనాల బల్ల మీద చెక్కతో చేసిన పెద్ద పంకా వేలాడుతోంది. పేరు కూడా పంకాయే! దొరలు తింటుంటే ఒక బానిస పిల్లవాడు మూల నిలబడి తాడు లాగేవాడట. "కచేరీలో పంకా లాగే జవానుకి జీతమైనా ఉండేదని మా తాతగారు చెప్పేవారు" అన్నారు అత్తయ్యగారు. పత్తి చేల మధ్య పుట్టిన మనిషి. యుద్ధంతో ఇక్కడి పత్తి ఆగిపోయినప్పుడే ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయని చెబితే, "వీళ్ల కరువు మనకి ధరన్నమాట" అని తేల్చేశారు.

అసలు చూడాల్సినవి పైసా ఖర్చు లేనివి. మొదటిది విలియం జాన్సన్ ఇల్లు. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, మంగలి షాపులు నడిపిన నల్లజాతి మనిషి ఆయన. 1835 నుంచి 1851లో చనిపోయేదాకా డైరీ రాశాడు. ఆయనకీ బానిసలున్నారన్న సంగతి దాచకుండా చెబుతున్నారు. సరిహద్దు తగాదాలో ఆయన్ని కాల్చి చంపితే, చూసిన సాక్షులు నల్లవాళ్లు కాబట్టి వాళ్ల మాట కోర్టులో చెల్లలేదు. ముద్దాయికి శిక్ష పడలేదు.

రెండోది ఫోర్క్స్ ఆఫ్ ద రోడ్. న్యూ ఆర్లియన్స్ తర్వాత ఆ ప్రాంతంలో అతి పెద్ద బానిసల సంత ఇక్కడే జరిగేది. ఇప్పుడక్కడ పచ్చిక, కొన్ని బోర్డులు, సిమెంటులో పొదిగిన సంకెళ్లు. చుట్టూ కార్లు పోతుంటాయి. జీపీఎస్ చెప్పినా మేం ఒకసారి దాటేసి వెనక్కి తిప్పుకొచ్చాం. మేడలకి పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా ఇక్కడ కనబడలేదు.

శాకాహారులకి తిండి కొంచెం కష్టమే. చిక్కుడు గింజల కూరలో కూడా పంది మాంసం వేస్తారు, అడిగి తినాలి. గ్రిట్స్ మాత్రం మన మొక్కజొన్న రవ్వ జావే. అత్తయ్యగారు బ్యాగులోంచి నిమ్మకాయ పచ్చడి తీసి పక్కన వేసుకున్నారు, వడ్డించిన అమ్మాయి అదేమిటని అడిగి రుచి చూసి నీళ్ల గ్లాసు కోసం పరిగెత్తింది.

సాయంత్రం గట్టు మీది బెంచీలు ఖాళీగా ఉన్నాయి. నదికి అవతల లూసియానాలో పొద్దు గుంకింది. తిరుగు ప్రయాణంలో నాచెజ్ ట్రేస్ దారి ఎక్కాం. లారీలు లేవు, టోలు లేదు, 50 మైళ్ల వేగం దాటకూడదు. ఊరికి పది మైళ్లలో ఎమరాల్డ్ మౌండ్ ఉంది. యూరప్‌వాళ్ల కన్నా ముందే నాచెజ్ తెగ పూర్వీకులు ఎనిమిది ఎకరాల్లో ఎత్తుగా పోసిన మట్టి దిబ్బ. మేమిద్దరం ఎక్కి వచ్చేసరికి, ఇంకెక్కడా ఏదీ ఎక్కనని ఒట్టుపెట్టుకున్న అత్తయ్యగారు కారులో నిద్రపోతున్నారు.